బండి సందేహాలు: ప్లేట్లు కొనేముందు లివర్ పట్టుకుని చూడండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం క్లచ్ గురించే. అందులోనూ ఎక్కువ స్పోర్ట్స్ బైకులవాళ్లవి. అందుకే మైలేజీ ప్రశ్నలు, బ్యాటరీ ప్రశ్నలు వచ్చే నెలకు తోసేసి వీటినే ముందు పెట్టాను. విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకు ‘క్లచ్ పోయింది’ అంటూ వచ్చే బళ్లలో చాలావాటికి ప్లేట్లు మార్చే పనే పడదు. ఆ సంగతి కింద మళ్లీ మళ్లీ వస్తుంది, విసుక్కోకండి.

మేస్త్రి గారూ, నాది యమహా ఆర్15 వెర్షన్ 3. 34 వేల కిలోమీటర్లు తిరిగింది. హైవే మీద ఆరో గేరులో యాక్సిలరేటర్ తిప్పితే మోత పెరుగుతోంది గానీ బండి లాగట్లేదు. ఒక మెకానిక్ ప్లేట్లు వేస్తే చాలన్నాడు. ఇంకొకాయన హౌసింగుతో, అంటే ప్లేట్లు కూర్చునే గిన్నెతో సహా క్లచ్ అసెంబ్లీ మొత్తం మార్చాలన్నాడు. ఎవరి మాట వినమంటారు? (తెనాలి)

ఇప్పుడప్పుడే ఎవరి మాటా వినకండి. ఇద్దరూ ఇంజిన్ కవర్ విప్పకుండానే చెప్పారు.

ముందు అది జారడమేనా, అంటే ప్లేట్లు పట్టు తప్పి ఇంజిన్ బలం చక్రానికి చేరట్లేదా, కాదా తేల్చుకోండి. మీ బండిలో వీవీఏ ఉంది, అంటే వేగాన్ని బట్టి వాల్వులు తెరుచుకునే తీరును మార్చే ఏర్పాటు. 7,400 ఆర్‌పీఎం దగ్గర ఇన్‌టేక్ వాల్వులు ఇంకో క్యామ్ మీదకు మారతాయి. అక్కడ మోత మారుతుంది, మీటర్లో వీవీఏ గుర్తు వెలుగుతుంది. దాన్నే క్లచ్ జారడం అనుకుని మా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు. ఖాళీ రోడ్డు చూసుకుని ఆరో గేరులో 50, 60 వేగం మీద వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పండి. ఆర్‌పీఎం గీత ఎగబాకి, వేగం అంకె మాత్రం కదలకపోతే జారుతున్నట్టే. రెండూ కలిసి మెల్లగా పెరిగితే క్లచ్ బాగానే ఉంది. ఆరో గేరులో 155 సీసీ ఇంజిన్ అంతకన్నా లాగదు.

జారుతోందని తేలితే లివర్ పట్టుకోండి. లివర్ చివర 10 నుంచి 15 మిల్లీమీటర్ల దాకా ఖాళీగా ఆడాలి. ఆ తర్వాతే స్ప్రింగుల బరువు చేతికి తగలాలి. క్లచ్‌లో ఫైబర్ ప్లేటు, స్టీలు ప్లేటు మార్చి మార్చి పేర్చి ఉంటాయి, స్ప్రింగుల బలంతో వాటిని అదిమేది ప్రెషర్ ప్లేటు. ఈ ఆట ఎందుకు తగ్గిపోతుందంటే, ఫైబర్ ప్లేట్లు అరిగేకొద్దీ ప్రెషర్ ప్లేటు లోపలికి జరుగుతుంది. దాంతో దాన్ని తోసే కడ్డీ, అంటే పుష్ రాడ్డు, బయటికి తన్నుకొస్తుంది, కేబుల్ బిగుసుకుంటుంది. చివరికి మీరు లివర్ ముట్టుకోకపోయినా కేబులే క్లచ్‌ని కాస్త విప్పి పట్టుకుంటుంది. ప్లేట్లలో ఇంకా సరుకున్నా జారతాయి. అడ్జస్టర్ తిప్పి ఆట ఇస్తే ఆ క్షణమే పట్టుకున్న బళ్లు ఎన్నో. మీరు ఈ ఒక్కటి చేసి మళ్లీ అదే రోడ్డు మీద నడిపి చూడండి. అయితే ఆట లేకుండా నెలల తరబడి తిరిగిన బండి అయితే ప్లేట్లు ఈపాటికే మాడి ఉంటాయి, ఆట ఇచ్చినా లాభం ఉండదు.

తర్వాత ఆయిల్. మీ బండి క్లచ్ ఇంజిన్ ఆయిల్లోనే మునిగి తిరుగుతుంది. డబ్బా మీద జాసో (జపాన్ వాహన ప్రమాణాల సంస్థ) ముద్ర ఎంఏ గానీ, ఎంఏ2 గానీ ఉండాలి. ఎంబీ అని ఉంటే అది స్కూటర్లకు. వాటి క్లచ్ ఆయిల్లో ఉండదు కాబట్టి నున్నగా జారే ఆయిలైనా వాటికి ఇబ్బంది లేదు. కారు ఆయిల్ మిగిలింది కదా అని బైకులో పోసే అలవాటు ఇళ్లల్లో ఉంది. ఈమధ్య కారు ఆయిళ్లలో రాపిడి తగ్గించే మందులు కలుపుతున్నారు. ఇంజిన్‌కు అది వరమే, క్లచ్‌కు శాపం. ఎప్పటినుంచి జారుతోందో, ఆఖరిసారి ఆయిల్ ఎప్పుడు మార్చారో గుర్తు తెచ్చుకోండి. రెండు తేదీలూ దగ్గర దగ్గరగా ఉంటే ముందు ఆయిల్ మార్చండి.

ఈ రెండూ సరిగ్గా ఉండి ఇంకా జారితే అప్పుడు విప్పాలి. విప్పినప్పుడు మీరు పక్కనే ఉండండి. చూడాల్సినవి ఇవి. ఫైబర్ ప్లేటు మందం వెర్నియర్‌తో కొలవమనండి. ఇలాంటి చిన్న ఇంజిన్లలో కొత్త ప్లేటు 3 మి.మీ. అటూఇటూ ఉంటుంది. రెండు మూడు పాయింట్లు, అంటే 0.2, 0.3 మి.మీ. అరిగిందంటే దాని పని అయిపోయినట్టే. కంటికి కనబడే తేడా కాదది. ‘ఇంకా బాగానే ఉంది సార్’ అని చేత్తో పట్టుకుని చూసి చెప్పేవాళ్లను నమ్మకండి. వాసన కూడా చూడండి, మాడిన ప్లేటు దాచినా దాగదు. స్టీలు ప్లేట్లు నీలం రంగు తిరిగాయా? మందపాటి అద్దం మీద పరిచి కింద ఫీలర్ గేజి (సందు కొలిచే పల్చటి రేకు) దూర్చితే ఎంతది పోతోంది? వంపు హద్దు బండిని బట్టి 0.1 నుంచి 0.3 మి.మీ. మధ్య ఉంటుంది, మీ మోడల్ సర్వీస్ మాన్యువల్లో చూసుకోమనండి. స్ప్రింగుల పొడవు కూడా కొలవాలి. వేడికి అవి పొట్టివవుతాయి, పొట్టిదైన స్ప్రింగు సరిగ్గా అదమదు.

ఇక హౌసింగు సంగతి. ఫైబర్ ప్లేట్ల చెవులు హౌసింగు వేళ్ల మధ్య దూరి ఉంటాయి. ఏళ్ల తరబడి కొట్టుకుని కొట్టుకుని ఆ అల్యూమినియం వేళ్ల మీద గంట్లు పడతాయి. గంట్లు పడితే ప్లేట్లు అక్కడ చిక్కుకుని, లివర్ నొక్కినా సరిగ్గా విడిపోవు. అప్పుడు సిగ్నల్ దగ్గర న్యూట్రల్ పడదు, మొదటి గేరులో లివర్ నొక్కి ఉంచినా బండి ముందుకు పాకుతుంది, కదిలేటప్పుడు వణుకుతుంది. మీరు చెప్పిన లక్షణాల్లో ఇవేవీ లేవు. మీకు జారడం ఒక్కటే ఉంది. హౌసింగు మార్చితే జారడం తగ్గదు. కాబట్టి ఆ రెండో ఆయన్ను ‘గంట్లు చూపించు’ అని అడగండి. గోటితో గీస్తే లీలగా తగిలే గీతలైతే సన్న ఆకురాయితో సాఫు చేసి వాడుకోవచ్చు. గోరు పట్టుకుని ఆగిపోయేంత లోతైతే అప్పుడు ఆయన చెప్పింది నిజం.

34 వేల బండికి, ప్లేట్లు హద్దు దాటి ఉంటే నా లెక్క ఇదీ: ఫైబర్ ప్లేట్లు అన్నీ, స్ప్రింగులు అన్నీ, కవర్ ప్యాకింగు కొత్తవి. స్టీలు ప్లేట్లు కొలతను బట్టి. నాలుగు ఫైబర్లు బాగున్నాయి కదా అని రెండే మార్చే బేరాలు ఒప్పుకోకండి. కొత్తవీ పాతవీ కలిస్తే పట్టు ఒక్కతీరుగా ఉండదు, పైగా కవర్ విప్పిన కూలీ మళ్లీ ఇచ్చుకోవాలి.

నా దగ్గర 2012 మోడల్ హోండా సీబీఆర్ 250ఆర్ ఉంది. కంపెనీ ఇప్పుడు ఆ బండి అమ్మట్లేదు. స్పేర్ పార్టుల షాపులో ‘ఇదే సైజు, వేరే బండిదైనా సెట్టవుతుంది’ అని లోకల్ ప్లేట్లు చూపిస్తున్నారు. వేయించవచ్చా? ఒరిజినల్ అని ఎలా గుర్తుపట్టాలి? (హన్మకొండ)

‘సెట్టవుతుంది’ అన్న మాట వినబడగానే కాస్త జాగ్రత్తపడండి. ప్లేటు బయటి కొలత, చెవుల సంఖ్య సరిపోయినంత మాత్రాన అది మీ బండిది అయిపోదు. మందంలో ఒక్కో ప్లేటుకు ఒక్క పాయింటు తేడా ఉన్నా అన్నీ పేర్చేసరికి మొత్తం ఎత్తు మారిపోతుంది. ఎత్తు పెరిగితే క్లచ్ విడవదు, తగ్గితే పట్టదు. చాలా బైకుల్లో మొదటి ప్లేటో, చివరి ప్లేటో మిగతావాటికన్నా వేరుగా ఉంటుంది. లోపలి వలయం పెద్దదై, ఆ ఖాళీలో వణుకు తగ్గించే పల్చటి స్ప్రింగు వాషరు కూర్చుంటుంది. లోకల్ సెట్లలో అన్ని ప్లేట్లూ ఒకే అచ్చులో పోసి పెడితే ఆ వాషరు పెట్టే చోటే ఉండదు. మెకానిక్ దాన్ని తీసి పక్కన పడేస్తాడు. మీరేమో ‘కొత్త ప్లేట్లు వేయించాక బండి వణుకుతోంది’ అని నాకు ఇంకో ఉత్తరం రాస్తారు.

పార్టు నంబరు చదవడం నేర్చుకోండి, కష్టమేమీ కాదు. హోండా నంబర్లో మొదటి ఐదంకెలు ఆ వస్తువేమిటో చెబుతాయి. ఫైబర్ ప్లేటైతే 22201, స్ప్రింగైతే 22401. మధ్యలోని మూడు అక్షరాలు అది ఏ మోడల్ కోసం తయారైందో చెబుతాయి. యమహాలో తిరగేసి ఉంటుంది: ముందు మూడు అక్షరాలు మోడలువి, తర్వాతి ఐదంకెలు వస్తువువి. యమహా ఫైబర్ ప్లేటు 16321. కవాసాకీలో ఫైబర్ 13088, స్టీలు 13089. సుజుకీవాళ్లు ఫైబర్‌ను డ్రైవ్ ప్లేటు అనీ, స్టీలును డ్రివెన్ ప్లేటు అనీ రాస్తారు, 21441, 21451. తెలియకపోతే ఒకటి అడిగితే ఇంకొకటి చేతిలో పెడతారు. మీ బండి పార్టుల బొమ్మల పుస్తకంలో ఉన్న నంబరు కాగితం మీద రాసుకుని షాపుకు వెళ్లండి. నోటిమాటగా ‘సీబీఆర్ ప్లేట్లు’ అనకండి, సీబీఆర్ పేరుతో హోండా 125 నుంచి 1100 దాకా బళ్లు చేసింది.

కంపెనీ డబ్బాలో దొరక్కపోతే ఇంకో దారి ఉంది. బైకు కంపెనీలు చాలావరకు క్లచ్‌లు తాము తయారుచేయవు. ఎఫ్‌సీసీ, ఎక్సెడీ వంటి సంస్థలు చేసి ఇస్తాయి. అలాంటి తయారీదారు సొంత డబ్బాలో, మీ మోడల్ పేరు అచ్చయి ఉన్న సెట్టు దొరికితే నిశ్చింతగా తీసుకోండి. పేరులేని ప్లాస్టిక్ సంచిలో వచ్చే సెట్టు ఎంత చవకైనా వద్దు. నకిలీ డబ్బాలు కూడా ఉన్నాయి. హోలోగ్రాం, ఎమ్మార్పీ చీటీ, ప్యాక్ చేసిన నెల చూడండి. అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష ప్లేటు మీదే ఉంటుంది. మంచి ప్లేటు మీద ఫైబర్ ముక్కలు ఒకే ఎత్తులో, అంచులు తెగినట్టు నీటుగా ఉంటాయి. మధ్యలోని ఆయిల్ కాలువల్లోకి జిగురు కారి ఉండదు. నకిలీ దాంట్లో జిగురు కారి గడ్డకట్టి కనిపిస్తుంది.

బాబాయ్ గారూ, నాది కేటీఎం ఆర్‌సీ 390. నెల్లూరు నుంచి చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు అప్పుడప్పుడు వెళ్తుంటాను. స్నేహితులు హెవీ క్లచ్ స్ప్రింగులు వేయించమంటున్నారు. జారడం ఉండదట. మీరేమంటారు? (నెల్లూరు)

ఇప్పుడు జారుతోందా అబ్బాయ్? జారట్లేదని నీ ఉత్తరమే చెబుతోంది. లేని రోగానికి మందెందుకు?

నీ బండిలో ఉన్నది స్లిప్పర్ క్లచ్. మలుపు ముందు గేర్లు టపటపా దించేసినప్పుడు వెనక చక్రం ఇంజిన్‌ను తిప్పబోతుంది. అప్పుడు ప్లేట్ల మధ్యలో ఉండే హబ్బులోని ఏటవాలు మెట్లు ప్రెషర్ ప్లేటును కాస్త పైకి లేపి ప్లేట్లను వదులు చేస్తాయి. వెనక టైరు గెంతకుండా కాపాడేది అదే. ఈమధ్య వచ్చే అసిస్ట్ రకాల్లో ఇంకో వైపు మెట్లు కూడా ఉంటాయి. యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు అవే ప్లేట్లను బిగించి నొక్కుతాయి. కాబట్టి వాటిలో స్ప్రింగులు కావాలనే మెత్తగా పెడతారు, లివర్ తేలిగ్గా ఉండేది అందుకే. అలాంటి దాంట్లో గట్టి స్ప్రింగులు పెడితే మెట్లు ప్రెషర్ ప్లేటును సరిగ్గా లేపలేవు. నువ్వు ట్రాక్‌కు వెళ్లేదే మలుపుల కోసం, ఆ మలుపు ముందు నిన్ను కాపాడే పరికరాన్ని నీ డబ్బుతో నువ్వే పాడుచేసుకుంటావన్నమాట. పైగా కేబుల్ మీద, రిలీజ్ బేరింగు మీద, నీ ఎడమ చేతి మీద బరువు పడుతుంది.

ఇంజిన్ పవర్ పెంచినవాళ్లకు, డ్రాగ్ రేసులవాళ్లకు హెవీ స్ప్రింగులతో పని ఉంది. నీకు కావలసింది ట్రాక్‌కు వెళ్లొచ్చిన ప్రతిసారీ లివర్ ఆట చూసుకోవడం, కంపెనీ చెప్పిన గడువుకన్నా ముందే ఆయిల్ మార్చడం. స్టార్టింగ్ ప్రాక్టీసు వరసగా చేయకు. రెండు లాంచ్‌ల మధ్య క్లచ్‌ను చల్లారనివ్వు.

నేను ఎమ్మెస్ చదువుకు డాలస్ వచ్చాను. ఇక్కడ సెకండ్ హ్యాండ్ యమహా ఆర్6 కొన్నాను. క్లచ్ మార్చాలి. ఆన్‌లైన్‌లో కంపెనీ ప్లేట్లు, కెవ్లార్ రేస్ కిట్లు రెండూ ఉన్నాయి. కెవ్లార్ ఎక్కువ కాలం వస్తుందంటున్నారు. ఏది కొనాలి? (టెక్సాస్, అమెరికా)

కాలేజీకీ, శనివారం షికారుకూ అయితే కంపెనీ ప్లేట్లే. కెవ్లార్ అంటే అరామిడ్ నార. వేడికి తట్టుకుంటుంది, మన్నుతుంది, అబద్ధమేమీ కాదు. కానీ చాలా కిట్లలో పట్టు దుడుకుగా ఉంటుంది. కాగితం రకం ఫైబర్ మెల్లమెల్లగా పట్టుకుని బండిని కదిలిస్తే, రేస్ కిట్టు కొన్నిసార్లు ఒక్కసారిగా పట్టేస్తుంది. ట్రాఫిక్‌లో అడుగడుగునా అది చిరాకే. పైగా గట్టి ఫైబర్ అరగకపోతే పక్కనున్న స్టీలు ప్లేటు అరుగుతుంది. ఆ అరుగుదల ఖర్చు కిట్టు డబ్బా మీద రాయరు.

మీరు అడగని సంగతి ఒకటి చెబుతాను, అదే ముఖ్యం. పాత యజమాని ఆ బండిని ఎలా నడిపాడో మీకు తెలియదు. 600 సీసీ స్పోర్ట్స్ బైకు కొని క్లచ్ వదిలి ముందు చక్రం లేపే ఆట ఆడనివాళ్లు తక్కువ. మీ బండికి మాత్రం హౌసింగు గంట్లు తప్పక చూడండి. హౌసింగు వెనకనున్న రివెట్లు, స్ప్రింగులు కూడా వదులయ్యాయేమో చేత్తో ఊపి చూడండి. స్టీలు ప్లేట్లు కొలతలకు ఆగకుండా మార్చేయండి, కొత్త ఫైబర్ పక్కన కాలిన స్టీలు పెట్టి ఆదా చేసేదేమీ లేదు. ఆయిల్ కొనేటప్పుడు డబ్బా వెనక గుండ్రటి ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) ముద్ర కింది సగంలో ‘రిసోర్స్ కన్జర్వింగ్’ అని ఉంటే అక్కడే పెట్టేసి రండి. అది కార్లది.

నేను బజాజ్ పల్సర్ ఆర్‌ఎస్200 నడుపుతాను. క్లచ్ లివర్ రోజురోజుకూ గట్టిపడుతోంది. కాలేజీ నుంచి ఇంటికి వచ్చేసరికి మణికట్టు లాగేస్తోంది. మెత్తటి స్ప్రింగులు దొరుకుతాయా అండీ? (ఖమ్మం నుంచి ఒక లెక్చరర్)

స్ప్రింగుల జోలికి వెళ్లకండమ్మా. వాడేకొద్దీ స్ప్రింగులు మెత్తబడతాయే గానీ గట్టిపడవు. రోజురోజుకూ గట్టిపడుతోందంటే చాలావరకు అది కేబులే. లోపలి తీగల్లో ఒకటి రెండు పోగులు తెగి గొట్టాన్ని గీస్తుంటాయి, లేదా హ్యాండిల్ దగ్గర మెలిక తిరిగి నలుగుతుంటుంది. కేబుల్ రెండు వైపులా ఊడదీసి చేత్తో లాగి చూడమనండి. గరుకుగా తగిలితే కొత్త కేబుల్ వేయించండి. లివర్ బోల్టు దగ్గర కాస్త గ్రీజు పెట్టించండి. అప్పటికీ గట్టిగానే ఉంటే ఇంజిన్ వైపు క్లచ్ ఆర్మ్ ఇరుసు తుప్పు పట్టిందేమో చూడమనండి. మణికట్టు నొప్పి కేబుల్ మార్చినా తగ్గకపోతే మాత్రం అది నా శాఖ కాదు.

హైదరాబాద్‌లో పాత డుకాటీ ఒకటి విన్నాను. న్యూట్రల్‌లో లివర్ నొక్కితే గలగలమని డబ్బాలో రాళ్లు పోసినట్టు మోత. క్లచ్ పోయిందా? (సికింద్రాబాద్)

పోలేదు. అది డ్రై క్లచ్, ఆయిల్లో మునగదు, ప్లేట్లు ఆ మోతే చేస్తాయి. 916 మోడల్ లాంటి పాత డుకాటీలకు అంతే. ఆ మోత కోసమే కవర్‌కు కిటికీలు కోయించుకునేవాళ్లున్నారు, ఎవరి సరదా వారిది. డ్రై క్లచ్‌కు మాత్రం ఇంతసేపూ నేను చెప్పిన ఆయిల్ సూత్రాలు వర్తించవు. దాని ప్లేట్లకు ఆయిల్ అంటితేనే ప్రమాదం.

ప్లేట్లు, స్ప్రింగులు, ప్యాకింగు కంపెనీవే తెచ్చుకున్నాను. ఇంట్లోనే వేసుకుందామనుకుంటున్నాను. టార్క్ రెంచి ఉంది. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? (కాకినాడ)

టార్క్ రెంచి ఉందన్నారు, సగం భయం పోయింది.

ఫైబర్ ప్లేట్లు ముందురోజు రాత్రే ఇంజిన్‌లో పోయబోయే ఆయిల్లో నానేయండి. పొడి ప్లేట్లు వేసి స్టార్ట్ చేస్తే మొదటి నిమిషంలోనే పైపొర కాలుతుంది. పాతవి తీసేటప్పుడు ఏ వరసలో వచ్చాయో ఫోనులో ఫోటోలు తీసుకోండి. ముఖ్యంగా వణుకు స్ప్రింగు వాషరు ఏ వైపు వంగి ఉందో చూడండి. స్టీలు ప్లేట్లకు ఒక అంచు గుండ్రంగా, ఇంకొకటి పదునుగా ఉంటుంది, అచ్చులో కోసినప్పుడు అలా వస్తుంది. అన్నిటి పదును వైపూ ఒకే దిక్కుకు ఉండాలి. కొన్ని బళ్లలో చివరి ఫైబర్ ప్లేటు చెవులు మిగతావాటి గాట్లలో కాకుండా పక్కనున్న పొట్టి గాట్లలో కూర్చుంటాయి, అది మర్చిపోకండి.

స్ప్రింగు బోల్టులు ఒకదాని తర్వాత ఒకటి పూర్తిగా బిగించకండి. ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. వాటి టార్క్ చాలా తక్కువ, చిన్న బైకుల్లో 10 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. వాటి కింద ఉండేది అల్యూమినియం, గట్టిగా తిప్పితే మర పోతుంది. అంకె మీ మాన్యువల్లోదే వాడండి. కవర్ మూసేముందు లివర్ నొక్కించి ప్రెషర్ ప్లేటు అన్ని వైపులా సమంగా లేస్తోందో లేదో కళ్లారా చూడండి. పాత ప్లేట్లు మాడినవైతే ఆ పొడి అంతా ఆయిల్లో ఉంటుంది, ఆయిలూ ఫిల్టరూ రెండూ మార్చాల్సిందే.

మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు హాఫ్ క్లచ్ మీద ఎక్కువసేపు నిలపకండి, వెనక ఎవరినీ ఎక్కించుకుని దుర్గగుడి ఘాట్ రోడ్డు లాంటివి ఎక్కకండి. ఆ తర్వాత లివర్ ఆట ఇంకోసారి కొలవండి. కొత్త ప్లేట్లు సర్దుకునేసరికి అది తప్పకుండా కాస్త తగ్గి ఉంటుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు అడ్జస్టర్ తిప్పి మళ్లీ సరిచేసుకోండి.